తాళం వేసిన ఇళ్ళు

రిజిస్టరులో గీత గీయాలంటే సూపర్‌వైజరుకు స్కేలు కావాలి. చేత్తో గీసినదాన్ని అతను గీతగా ఒప్పుకోడు. అంకె మీద అంకె దిద్దిన మనిషిని పిలిపించి, కుర్చీ చూపించకుండా మాట్లాడతాడు. ముప్పై ఒక్కేళ్ళుగా అతని చేతి కింద నడిచిన ఇంటింటి సర్వే రిజిస్టర్లలో తప్పు దిద్దిన కొట్టివేత ఒక్కటి లేదు. ఆరోగ్యశాఖ ఆఫీసులో వెనకాల అతన్ని నిలువుగీత అంటారు. ఆ సంగతి అతనికి తెలుసు. అనేవాళ్ళెవరో కూడా తెలుసు.

సోమవారం పొద్దున, పోయిన వానాకాలపు రిజిస్టర్లు ఆరింటిని గుడ్డతో తుడిచి, చంకలో పెట్టుకుని రెండో అంతస్తుకు మోసుకెళ్ళాడు. అక్కడ మూలగదిలో అతని కూతురు కూర్చుంటుంది. ఆమె చదివింది భౌతికశాస్త్రంలో కణాల శాస్త్రం. కంటికి కనపడనివి, అసలు ఉన్నాయో లేవో తేలనివి, వాటి లెక్కలు కాగితం మీద చేసే చదువు. ఆ లెక్కల పద్ధతులు రోగాల లెక్కకు కూడా పనికొస్తాయని ఈ శాఖ ఆమెను రెండేళ్ళకు తెచ్చుకుంది. ఆఫీసులో నాన్నా అని పిలవొద్దని మొదటి రోజే చెప్పాడు.

"అక్కడ పెట్టండి సార్," అంది కూతురు, కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండా. తర్వాత తిప్పింది. ముఖం వెలుగుతోంది. "రిపోర్టు అయిపోయింది. శుక్రవారం మీటింగు. పాత ట్యాంకు తప్పేం లేదు."

పోయిన వానల్లో ఊరి ఈ కొసన కామెర్లు వచ్చాయి. మురుగుకాలువ పక్కన నిలబడ్డ పాత ట్యాంకు నీళ్ళవల్లేనని కొందరన్నారు. దాని పైపు కాలువ నీళ్ళలోంచే పోతుంది. కాదని నీళ్ళ శాఖ ఇంజినీరు అన్నాడు. మళ్ళీ వానలు నెల రోజుల్లో ఉన్నాయి. ట్యాంకు ఆపాలా, నడపాలా అన్నది ఆ రిపోర్టు తేలుస్తుంది.

"ఎంత వచ్చింది?" అన్నాడు సూపర్‌వైజరు.

"ట్యాంకు నీళ్ళు తాగే ఇళ్ళు రెండొందల యాభై ఏడు. కామెర్లు వచ్చినవి పదకొండు. నూటికి నాలుగు. వేరే నీళ్ళు తాగే అవతలి వీధుల్లోనూ నూటికి నాలుగే. తేడా లేదు."

"ట్యాంకు నీళ్ళు తాగే ఇళ్ళు మూడొందల పద్దెనిమిది."

"మిగిలిన అరవై ఒకటీ తాళాలు సార్. మూడు వారాలు వరసగా తాళం అని ఉన్నవాటిని తీసేశాను. అవతలివి కూడా తీసేశాను, ముప్పై ఆరు. శుభ్రంగా దొరికినవే లెక్కలోకి తీసుకున్నాను."

అతను వెనక్కి తిరిగాడు. మెట్లు దిగుతూ లెక్క వేసుకున్నాడు. అవతల వెయ్యి తొంభై నాలుగు ఇళ్ళకు ముప్పై ఆరు తాళాలు. ఇవతల మూడొందల పద్దెనిమిదికి అరవై ఒకటి. ముసురు పట్టి వీధుల్లో మోకాలి లోతు నీళ్ళున్న రోజుల్లో, ట్యాంకు నీళ్ళు తాగే ఆ ఆరు వీధుల జనమే పనిగట్టుకుని షికార్లకు పోయారన్నమాట.

సాయంత్రం ఇంట్లో కంచాల ముందు కూర్చున్నాక అడిగాడు.

"ఆ అరవై ఒకటీ ఏమయ్యాయో చూశావా?"

"ఏం చూడాలి నాన్నా? తాళం అంటే తాళం. మనిషే లేకపోతే రోగం ఉందో లేదో ఎలా తెలుస్తుంది?"

"ఎందుకు లేరో?"

"ఆ కాలమ్ మీ రిజిస్టర్లో లేదు."

అతను ముద్ద కలుపుతూ ఆగాడు. లేదు. నిజమే.

కూతురు గొంతు తగ్గించింది. "మా దగ్గరా అంతే. కణాలు గుద్దుకుంటాయి. కోట్ల కోట్ల గుద్దులు. సగం సగం దొరికినవాటిని కోసేస్తారు. దాన్ని కోత అంటాం. లేకపోతే చెత్తలో పడి కొట్టుకోవాలి."

"కోసేది నువ్వేనా?"

"యంత్రాల దగ్గర పనిచేసేవాళ్ళు. నేను సిద్ధాంతం మనిషిని కదా. నాకు కోసి, కడిగి చేతికిస్తారు."

"ఇక్కడ ఎవరు కోశారు?"

ఆమె చూపు గోడ వైపు తిప్పుకుంది. గోడకు ఆనించిన ఆమె నల్లబల్ల మీద సగం చేసిన లెక్క ఏదో ఉంది. దాని కింద అలమరలో బిస్కెట్ల రేకుడబ్బా ఉంది. అతను డబ్బా వైపు చూశాడు.

"మీ అమ్మకి చెప్పావు ఒకసారి. గుద్దుకున్నాక బయటికొచ్చిన ముక్కలన్నీ కూడితే ఒక్కోసారి తక్కువొస్తుందని. ఆ తక్కువైనదాన్ని బట్టే, కనపడకుండా ఏదో వెళ్ళిపోయిందని పట్టుకుంటామని."

"డబ్బాలో బిస్కెట్లు తగ్గితే మీ నాన్నని పట్టుకున్నట్టు, అంది అమ్మ." కూతురు నవ్వబోయింది.

అతను నవ్వలేదు. "వెళ్ళిపోయినదాన్ని లెక్కకట్టే చదువు చదివావు. వెళ్ళిపోయిన జనాన్ని మాత్రం కొట్టేశావు."

ఆమె లేచి కంచం తీసుకుని సింకు దగ్గరికి పోయింది. కుళాయి తిప్పింది. ఈ ఇల్లు కూడా ఆరో వీధిలోనే ఉంది. ఆ నీళ్ళు కూడా పాత ట్యాంకువే. కామెర్లప్పటినుంచి తాగేవి కాచుకుంటున్నారు, కడిగేవి అలాగే వాడుతున్నారు. కంచం తళతళలాడేదాకా తోముతూనే ఉంది. చివరికి వెనక్కి తిరగకుండానే అంది.

"శుక్రవారం లోపల అరవై ఒక్క ఇళ్ళు ఎవరు తిరుగుతారు?"

"నాకు కాళ్ళున్నాయి."

"అయితే ఆ ముప్పై ఆరూ కూడా తిరగాలి. ముందు అవే తిరగాలి. నీకు నచ్చిన ఇళ్ళే అడిగి వస్తే అది సర్వే కాదు, తగాదా."

మాట సూటిగా ఉంది. అతనికి ఆమె మీద కోపం పోలేదు గానీ ఆ మాట నచ్చింది. "తిరుగుతా," అన్నాడు.

మంగళవారం అవతలి వీధులు తిరిగాడు. తెల్లకాగితాల మీద స్కేలు పెట్టి గళ్ళు గీసుకున్నాడు: ఇంటి నంబరు, తాళం వేసిన రోజులు, ఎక్కడికెళ్ళారు, ఎందుకు, వయసు, ఆసుపత్రి చీటీ ఉందా. తలుపును వేళ్ళతో కొట్టడు, పెన్సిలు వెనక కొసతో కొడతాడు. కొట్టి ఎదురుగా నిలబడడు, ఒక పక్కకు జరుగుతాడు. లోపలి మనిషి భయపడకుండా ఉండాలంటే అదే పద్ధతని కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ అతనే నేర్పాడు. ముప్పై ఆరు ఇళ్ళలో ఒకాయన ఉద్యోగం మారి వెళ్ళాడు. ఒక ఇల్లు పైకప్పు కురిసి ఖాళీ చేశారు. ఒకామె కూతురి కాన్పుకు పోయింది. కామెర్లని చెప్పినవి మూడు.

బుధవారం ట్యాంకు వీధులు. ఇక్కడ తలుపు చట్రాల మీద సర్వేవాళ్ళు సుద్దతో వేసిన గుర్తులు అక్కడక్కడా ఇంకా మిగిలే ఉన్నాయి. తారీఖు, దాని పక్కన 'తా'. వానకు తడవని ఎత్తులో రాయమని చెప్పింది కూడా అతనే.

"మా చెల్లెలింటికి పోయాం బాబూ," అంది ఒక ముసలామె. "ముగ్గురికీ కళ్ళు పచ్చబడ్డాయి. ఇక్కడుంటే గంజి కాచిచ్చే దిక్కు లేదు."

"చీటీ ఉందా?"

"చీటీ ఏం చేసుకుంటావు, మనుషులం ఎదురుగా ఉంటే?" అన్నా కూడా, డబ్బాలోంచి మడతలు పడ్డ కాగితం వెతికి తెచ్చింది.

ఒక మేడమీది గదిలో ఇప్పుడు వేరేవాళ్ళున్నారు. అప్పుడున్న డ్రైవరు ఆసుపత్రి నుంచి ఇక రాలేదని కింది వాటావాళ్ళు చెప్పారు. అతను కాగితం గోడకానించి రాసుకున్నాడు. ఒక ఇంటి తర్వాత ఒక ఇల్లు, మాటలు వేరు గానీ కథ ఒకటే. జబ్బు పడ్డారు, తాళం వేశారు, పోయారు. మధ్యాహ్నానికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. మనసులో కూతుర్ని తిడుతూనే ఉన్నాడు. ఇంత చదువు చదివి ఒక్క తలుపు కొట్టలేదు.

ఆరో వీధిలో అతని ఇంటికి ఎదురిల్లు టైలరమ్మది. వాకిట్లో మిషను తొక్కుతోంది. పక్కన ఆమె భర్త గుండీలు కుడుతున్నాడు. మనిషి ఇంకా తేరుకోలేదు, చొక్కాలో భుజాలు వేలాడుతున్నాయి.

"ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా అన్నయ్యా?" అంది టైలరమ్మ మిషను ఆపకుండా.

"పోయిన వానల్లో మూడు వారాలు తాళం ఉంది. ఎక్కడికెళ్ళారు?"

మిషను ఆగింది. "ఎక్కడికెళ్ళామా? ఆసుపత్రి వరండాలో చాప మీద ఉన్నాం, ఇరవై రోజులు. వదిన ఉన్న వార్డు బయటే కదా. రోజూ మమ్మల్ని దాటుకునే పోయేవాడివి. ఒకరోజు నీ ఫ్లాస్కు కూడా ఇచ్చావు ఈయనకి."

"ఇచ్చాను."

"మరి చూసి చూసి తాళం అని ఎలా రాశావు?"

"తలుపు దగ్గర కనపడిందే రాయాలి. తలుపు తీసిన మనిషి చెప్పిందే రాయాలి. రూలు."

"మంచి రూలు," అన్నాడు గుండీలు కుట్టే మనిషి, దారం పళ్ళతో తెంపుతూ. "చచ్చినా తలుపు తీసి చెప్పి చావాలి."

"నువ్వూరుకో," అంది టైలరమ్మ. తర్వాత సూపర్‌వైజరు వైపు చూసి నెమ్మదిగా అడిగింది. "మీ ఇంటికి ఏం రాశావు?"

అతను కాగితం మీద భర్త వయసు గడి చూపించాడు. "ఈయనకి ఎన్నేళ్ళు?"

గురువారం మధ్యాహ్నం రెండో అంతస్తు మూలగదిలో కూతురు కాగితాలు ముందేసుకుంది. అతను చదువుతుంటే ఆమె ఒక్కొక్కటే కంప్యూటరులో ఎక్కించింది. మొదట ఆమె వేళ్ళు చురుగ్గా కదిలాయి. ఇరవయ్యో ఇంటి దగ్గరికి వచ్చేసరికి మందగించాయి. ముప్పయ్యో ఇంటి దగ్గర ఆగి, నీళ్ళ సీసా తీసుకుని, తాగకుండానే మూత పెట్టేసింది.

"అరవై ఇళ్ళు. ముప్పై ఏడింట్లో కామెర్లు. ఇరవై ఆరింటికి చీటీలున్నాయి," అంది. "నేను తేడా లేదని రాశాను."

అతను రెండు రోజులుగా ఈ క్షణం కోసమే తిరిగాడు. వచ్చాక దాంతో ఏం చేసుకోవాలో తెలియలేదు.

"అరవై ఒకటి ఉండాలి. ఒకటి తక్కువ."

"దొరకలేదు."

"ఏ ఇల్లది?" అతను కాగితాల అంచులు సరిచేశాడు. ఆమె పాత ఫైల్లో ఇళ్ళకు సంకేతాలే ఉన్నాయి గానీ నంబర్లు లేవు. ఆమె ఆరో రిజిస్టరు దగ్గరికి లాక్కుని పేజీలు తిప్పింది. వేలు గళ్ళ వెంట కిందికి దిగింది. పంతొమ్మిదో నంబరు దగ్గర ఆగింది. వరసగా మూడు మంగళవారాలు. తాళం. తాళం. తాళం. ఆ తర్వాత, మూడు తాళాలు పడిన ఇంటిని జాబితాలోంచి తీసేయాలన్న రూలు ప్రకారం, స్కేలు పెట్టి గీసిన ఎర్రగీత.

ఆ వీధి మిగతా వారాలన్నీ సర్వే మనిషి చేతిరాతలో ఉన్నాయి, గుండ్రంగా. ఆ మూడు వారాలు మాత్రం నిటారు అక్షరాలు.

"ఇది మన ఇల్లు," అంది కూతురు. "రాసింది నువ్వు నాన్నా."

ఆఫీసులో ఆ పిలుపు వద్దని అతను అనలేదు.

"ఆ వీధి మనిషి సెలవు పెట్టింది. వేరేవాళ్ళు లేరు. నేనే తిరిగాను."

"అమ్మ ఆసుపత్రిలో ఉండగా?"

"బట్టలకి ఇంటికొచ్చేవాణ్ణి కదా. వచ్చినప్పుడు వీధి తిరిగేసేవాణ్ణి. ఎదురు వరస పైనుంచి కిందికి, మన వరస కిందినుంచి పైకి. మనింటికొచ్చేసరికి తాళం ఉంది. తాళం అని రాశాను."

"రాసి?"

"జేబులోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచి లోపలికెళ్ళాను. మీ అమ్మ దుప్పటి తీసుకుని మళ్ళీ తాళం వేసి వచ్చేశాను."

కూతురు అతని ముఖంలోకి చూసింది. అమ్మ ఆసుపత్రిలో ఉన్న పంతొమ్మిది రోజులూ ఆమె ఆ మంచం పక్కనే ఉంది. అతను దుప్పటి తెచ్చినప్పుడు అందుకున్నది ఆమే.

"మూడుసార్లు," అంది చివరికి.

"మూడుసార్లు."

"తీసేసిన ఇళ్ళ ఫైల్లో అమ్మ ఉంది. నేను చూడనైనా చూడలేదు. ఒక్క మీట నొక్కాను, పోయారు అందరూ."

మూడు రోజులుగా ఆమెను అనాలని దాచుకున్న మాటలు అతని నోటిలో చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ఇప్పుడు పనికొచ్చేది కాదు. ఎర్రగీత మీద వేలు పెట్టాడు. గీత ఎక్కడా వంకరపోలేదు.

"ముందు కోసింది నేను," అన్నాడు.

శుక్రవారం మీటింగులో పెద్ద డాక్టరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఎదుటి మనిషి చెప్పింది నచ్చనప్పుడు ఆమె చేసే పని అది. ఆమెకు ఒక పక్క నీళ్ళ శాఖ ఇంజినీరు, ఇంకో పక్క కూతురు. సూపర్‌వైజరు రిజిస్టర్లు మోసుకొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. అతన్ని కూర్చోమనడం ఎవరికీ తట్టలేదు.

"సోమవారం తేడా లేదన్నావు. శుక్రవారం ఉందంటున్నావు," అంది పెద్ద డాక్టరు.

"సోమవారం నేను చేసింది తప్పు మేడమ్," అంది కూతురు. "జబ్బు పడినవాళ్ళే ఇల్లు వదిలి పోయారు. పోయినవాళ్ళని తీసేస్తే బాగున్నవాళ్ళే మిగులుతారు. ఏ వీధి అయినా ఆరోగ్యంగానే కనపడుతుంది. ఇది నాకు తెలియని పొరపాటు కాదు. నా సొంత పనిలో అయితే చేసేదాన్ని కాదు."

"ఇన్నాళ్ళ తర్వాత తలుపు కొట్టి అడిగితే జనం ఏదైనా చెప్తారు," అన్నాడు ఇంజినీరు. "రిజిస్టర్లో ఏముంది? తాళం. ఆధారం అదీ."

పెద్ద డాక్టరు తలుపు వైపు చూసింది. "ఆయనన్నది నిజమే. నేను కాగితాన్ని బట్టే పోవాలి. రిజిస్టరు తాళం అంటే తాళమే. కాదంటే దాన్ని సరిదిద్దాలి. కొట్టేసి, రాసినవాళ్ళొకరు, సూపర్‌వైజరొకరు, రెండు సంతకాలు పెట్టాలి. మీ సర్వీసులో ఎప్పుడూ అలాంటిది లేదని విన్నాను."

"లేదు మేడమ్."

"ఎన్ని పడతాయి?"

"అవతల మూడు. ఇవతల ముప్పై ఎనిమిది."

"ముప్పై ఏడు కదా?" అంది కాగితం చూసుకుంటూ.

"ముప్పై ఎనిమిది."

"నలభై ఒక్క తప్పులు మీ చేతి కింద జరిగాయని మీరే రాసిస్తున్నట్టు. విచారణ వేయక తప్పదు నాకు. ఆలోచించుకోండి."

సూపర్‌వైజరు ముందుకొచ్చి, ఖాళీ కుర్చీ ఒకటి లాక్కుని కూర్చున్నాడు. ఆరో రిజిస్టరు తెరిచాడు. జేబులోంచి స్కేలు తీశాడు. పంతొమ్మిదో నంబరు మీద స్కేలు పెట్టి మూడు తాళాలనూ ఒక్కొక్కటే కొట్టేశాడు. పక్కన 'కామెర్లు' అని రాశాడు. తారీఖు వేశాడు. సూపర్‌వైజరు అన్నచోట సంతకం పెట్టాడు.

"రాసినవాళ్ళ సంతకం?" అన్నాడు ఇంజినీరు.

"అదీ నాదే." రెండోదీ పెట్టాడు.

"మిగతా ఇళ్ళకి ఆ సర్వే మనుషుల్ని పిలిపించాలిగా?" అంది పెద్ద డాక్టరు.

"వాళ్ళు రూలు ప్రకారం రాశారు మేడమ్. రూలు చెప్పి రాయించింది నేను. వాళ్ళ పేర్లు వద్దు. రెండు చోట్లా నాదే ఉండనివ్వండి."

పెద్ద డాక్టరు బల్ల మీది కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, కూతురితో అంది. "ఆ ఒక్కటీ ఎక్కించి, నా ముందే లెక్క చెయ్యి."

కూతురు కంప్యూటరు దగ్గరికి లాక్కుంది. ఒక్కొక్క గడీ పైకి చదువుతూ కొట్టింది.

"వీధి, ఆరు. ఇంటి నంబరు, పంతొమ్మిది. రోగం, కామెర్లు. ఆసుపత్రి చీటీ?"

"ఉంది," అన్నాడు సూపర్‌వైజరు.

"వయసు?"

ఆ వయసు ఆమెకు తెలుసు. అయినా కొట్టలేదు. మీటల మీద వేళ్ళు పెట్టుకుని ఎదురుచూసింది. చెప్పాల్సింది తలుపు తీసిన మనిషే.

"యాభై నాలుగు."

"ఫలితం?"

అతను స్కేలును రిజిస్టరు అంచుకు సరిగ్గా ఆనించి పెట్టాడు. "మరణం," అన్నాడు.

ఆమె కొట్టింది. కాసేపటికి పెద్ద డాక్టరు వైపు తెర తిప్పింది. అవతలి వీధులు నూటికి నాలుగు. ట్యాంకు వీధులు నూటికి పదిహేను. ఇంజినీరు తన ఫోను వైపు చూసుకున్నాడు. ట్యాంకు ఆపేస్తే మూడొందల ఇళ్ళకు ట్యాంకర్లు ఎక్కడినుంచి తేవాలని ఎవరినీ ఉద్దేశించకుండా అన్నాడు. మీరే తేవాలి అంది పెద్ద డాక్టరు. ఈ మాటలు జరుగుతున్నంతసేపూ సూపర్‌వైజరు మిగతా నలభై ఇళ్ళు కొట్టివేస్తూ కూర్చున్నాడు. స్కేలు జరిగిన చప్పుడు, పెన్ను చప్పుడు. ఎవరూ అతన్ని తొందరపెట్టలేదు.

శనివారం విచారణ తాఖీదు వచ్చింది. దాన్ని వచ్చిన కాగితాల పుస్తకంలో అతనే ఎక్కించుకున్నాడు.

ఆదివారం పొద్దున కుళాయి తిప్పితే గాలి వచ్చింది. అతను రెండు బిందెలు తీసుకుని వీధి చివరికి పోయాడు. ట్యాంకరు ముందు అప్పటికే నలభై మంది ఉన్నారు. అతని ముందు టైలరమ్మ.

"రెండు గంటల్నుంచి నిలబడ్డాను," అంది ఆమె, వెనక ఎవరున్నారో చూడకుండానే. "ఏ పుణ్యాత్ముడు నీళ్ళు కట్టేయించాడో గానీ, వాడి చేతులు పడిపోను."

"ఒక చెయ్యి చాలు," అన్నాడు సూపర్‌వైజరు. "సంతకాలు ఒక చేత్తోనే పెట్టాను."

ఆమె తిరిగి చూసింది. అతని ముఖం చూసి, బిందెలు చూసి, మళ్ళీ ముఖం చూసింది.

"మావి రాశావా?"

"రాశాను."

"వదినది?"

"మొదటిది అదే."

లైను ఒక బిందె అంత ముందుకు జరిగింది. టైలరమ్మ వంగి, అతని బిందెలు రెండూ ఎత్తి తన బిందెకు ముందు పెట్టింది. తర్వాత ట్యాంకరు వైపు తిరిగి, గొట్టం పట్టుకున్నవాణ్ణి త్వరగా కానివ్వమని తిట్టడం మొదలుపెట్టింది.